ఫిల్టరులో ఊక

రిటైరు కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, రాజాం దగ్గరున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సుల గ్యారేజీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా చేరాను. పద్దెనిమిది బస్సులు, ముగ్గురు మెకానిక్కులు. నా పైన ట్రాన్స్‌పోర్టు మేనేజరు. ఏ బస్సుకు ఎన్ని కిలోమీటర్లకు ఆయిల్, డీజిల్, ఎయిర్ ఫిల్టర్లు మార్చాలో చార్టు గీసి గోడకు తగిలించడం నా మొదటి పని. ఆ చార్టంటే నాకు కాస్త గర్వం కూడా.

డిసెంబరులో చీపురుపల్లి వైపు తిరిగే ఏడో నంబరు బస్సు ఆ చార్టును లెక్కచేయడం మానేసింది. పికప్ లేదు, నల్లటి పొగ. ఎత్తు వస్తే సైకిళ్లు దాటిపోయేవి. విప్పి చూస్తే ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఉంది. ఇంజనుకు గాలిని వడగట్టి ఇచ్చేది అదే. గాలి చాలకపోతే డీజిలు సరిగా కాలదు. కొత్తది వేశాం. మూడు వారాలకు మళ్లీ అదే కథ. ఈసారి ఏకంగా ల్యాబ్ పరీక్షకే బస్సు ఆలస్యమైంది. డ్రైవరు సింహాచలానికి బండి నడపడం రాదని, సోమవారం నుంచి అతన్ని తప్పిస్తానని మేనేజరు తేల్చేశారు. నన్ను రిపోర్టు రాయమన్నారు.

సింహాచలం ఇరవై ఏళ్లుగా స్టీరింగు పట్టిన మనిషి. నేరుగా నా దగ్గరికొచ్చి, "నానేటి సేసినాను బాబూ? బండికి ఊపిరాడతం లేదు. ముక్కు మూసేసి పరిగెత్తమంటే మీరు పరిగెడతారేటి?" అన్నాడు. 

పాత ఫిల్టరును పారేసే ముందు తట్టి చూడటం మా వృత్తిలో మంచి అలవాటు. మాంగనీసు గనులున్న గరివిడి వైపు బండైతే నల్లటి దుమ్ము, సముద్రం పక్క ఊళ్ల బండైతే సన్నటి ఇసుక రాలుతుంది. ఏడో నంబరు ఫిల్టరును కాగితం మీద తట్టాను. గుప్పెడు ఊకపొడి రాలింది.

మర్నాడు ఉదయం ఆ బస్సే ఎక్కాను. "సార్, మా నత్తకి వైద్యం సేస్తన్నారేటి?" అని వెనక సీట్లోంచి ఒకమ్మాయి అడిగింది. పిల్లలు బస్సుకు పెట్టిన పేరట అది.

దారిలో ఒక రైస్ మిల్లు పక్కన బస్సు ఆగింది. లోపలి ఊళ్ల నుంచి ఆటోలో వచ్చే ఆరుగురు ఆడపిల్లల కోసం రోజూ అక్కడ పావుగంట ఆగాలి. కోతలైపోయి మిల్లు జోరుగా ఆడుతోంది. దాని గొట్టంలోంచి లేచిన ఊక దుమ్ము సరిగ్గా మా ఇంజను గాలి పీల్చే మూతి మీదికే వస్తోంది. ఇంజను మాత్రం ఆగలేదు. ఎందుకు ఆపలేదని సింహాచలాన్ని అడిగాను.

"ఆపితే మళ్లీ స్టార్టు అవదండి. సెల్ఫు వీకు. పిల్లలు దిగి తొయ్యాల. పుస్తకంలో మూడుసార్లు రాసినాను గదా, కింద మీ సంతకం కూడా ఉన్నాది."

బస్సంతా వింది. ఎవరో కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను గాని, చెవులు వేడెక్కాయి.

డ్రైవర్లు రాసే ఫిర్యాదుల పుస్తకాలు బస్సుకొకటి ఉంటాయి. గ్యారేజీకి వచ్చి ఏడో నంబరుది తిరగేశాను. మూడుచోట్లా "సెల్ఫు వీకు" అని ఉంది. మూడుచోట్లా నా సంతకమే. రోజూ సాయంత్రం ఇంటికెళ్లే తొందరలో పుస్తకాల దొంతరంతా చదవకుండానే సంతకాలు చేసేవాణ్ని.

ఆ మధ్యాహ్నమే ఇంజనును తిప్పి స్టార్టు చేసే సెల్ఫు మోటారు విప్పించి, దానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటే మార్పించాను. ఎయిర్ ఫిల్టరులో పైది, లోపలిది అని రెండుంటాయి. పైదాన్ని గాలి కొట్టి కొన్నాళ్లు వాడుకోవచ్చు. లోపలిదాన్ని మాత్రం శుభ్రం చేయకూడదు, మార్చాల్సిందే. రెండూ కొత్తవి వేయించి, బస్సాగే చోటును మిల్లు దుమ్ము చేరనంత దూరానికి జరిపించాను. రిపోర్టులో నా తప్పు కూడా రాశాను.

మేనేజరు అది చదివి, కళ్లజోడు తీసి, "అయితే సోమవారం నుంచి తప్పించాల్సింది ఎవర్నయ్యా?" అన్నారు. తర్వాత ఆయనే నవ్వి రిపోర్టును ఫైల్లో పెట్టేశారు. సింహాచలం తన సీట్లోనే ఉన్నాడు. ఆ ఫిల్టరు చార్టులో రాసినన్ని కిలోమీటర్లూ నిలిచింది. నత్త అన్న పేరు మాత్రం పోలేదు.

కిలోమీటర్లను బట్టి ఫిల్టరు మార్చడం సరైన పద్ధతే. గడువుకు ముందే మూసుకుపోయినదాన్ని మార్చి ఊరుకోవడం మాత్రం పని కాదు. ఆ బండెక్కి ఒక ట్రిప్పు తిరగాలి. అంతకన్నా ముందు, డ్రైవరు రాసింది చదవాలి. ఆ తర్వాత పద్దెనిమిది పుస్తకాలూ చదవడానికి నాకు రోజూ పట్టింది ఇరవై నిమిషాలే.