అమ్మ బాగుచేసిన ఇసుక

లిలువా రైల్వే క్వార్టర్స్ నుంచి బస్సుల్లో వేలాడుతూ కలకత్తా వెళ్ళిన ఆ రోజుల్లో, ఏ పనైనా ఆగిపోవడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు. బంద్ కాకపోతే ఊరేగింపు, అదీ కాకపోతే కరెంటు కోత. కానీ నా కొంప ముంచింది అవేవీ కావు, మా అమ్మ. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేనప్పుడు భూగర్భశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. భూమిలోపలి పగులుకి రెండు పక్కలా రాళ్ళు ఒరుసుకుంటుంటే మధ్యలో నలిగిన రేణువులు మిగులుతాయి. ఆ పగులు మెల్లగా జారుతుందా, బిగుసుకుని ఒక్కసారిగా ఊడి భూకంపం తెస్తుందా అన్నది చాలావరకు ఆ రేణువుల చేతిలోనే ఉంటుంది. మా ల్యాబ్‌లో రెండు రాతి పలకలు, మధ్య నా ఇసుక, పై పలకని లాగే స్ప్రింగు. మూడు నెలలు లాగాను, పలక సాఫీగా జారింది. సోమవారం కమిటీ ముందు కూడా అలాగే జారితే స్కాలర్‌షిప్పు ఉంటుంది, లేకపోతే చదువు మానేసి ఇంట్లో కూర్చోవడమే. సరిగ్గా అప్పుడే ఉద్యోగుల సమ్మె, ల్యాబ్‌కి తాళం! తాళం పడేలోపే కడిగిన ఇసుకని ఇంటికి తెచ్చి డాబా మీద ఆరబెట్టాను (అక్కడే చేశాను తప్పు).

సోమవారం ల్యాబ్ తెరిచారు గాని, పలక కదల్లేదు. స్ప్రింగు సాగింది, ఇంకా సాగింది, ఆఖరికి ధన్‌మని పలక ఒక్క గెంతు గెంతింది. కమిటీ పెద్దాయన టీ ఆయన ఒళ్ళోనే పడింది. మళ్ళీ లాగితే మళ్ళీ గెంతు. "ఎటా కీ కొర్లే?" (ఇదేం చేశావు?) అని మా గైడు మీసాల దాదా అందరి ముందూ అరిచాడు.

ఇంటికొచ్చి అమ్మ మీద పడ్డాను. "ఇసకనేటి సేసినావే?"

"ఏటి సేత్తాను, బాగుసేసినాను. పెద్దోలు సూసే ఇసక, గరుగ్గా ఉంటే మనకి సిగ్గు కాదేటి? పళ్ళెం వాల్చి ఆవాల్లాగ దొర్లించి గుండ్రటివి ఉంచినాను. తతిమ్మా మొక్కల్లో పోసీసినాను."

"నా బతుకు పోసీసినావే అమ్మా!" అని రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు (అన్నం మాత్రం తిన్నాను).

మూడో రోజు ఏడుస్తూ దాదాకి ఈ సంగతి చెప్పాను. ఆయన మీసం పైకి లేచింది. "మీ అమ్మగారు ఇంకో సంచి బాగుచేస్తారా?" అన్నాడు. మొనలు తేలి గరుకుగా ఉన్న రేణువులు నలుగుతూ మెల్లగా జారనిస్తాయి, గుండ్రటివి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి అన్నీ ఒక్కసారే వదిలేస్తాయి. మా అమ్మ ఆవాల పళ్ళెంతో కనిపెట్టింది అదే! సంచి పట్టుకెళ్తే ఆవిడ, "ఇప్పుడు కావాల్సొచ్చినానేటి?" అని మూతి తిప్పుకుంటూనే కూర్చుని దొర్లించింది. ఆ ఇసుకతోనూ పలక గెంతింది, ఈసారి ఆ గెంతే ఫలితమని కమిటీ ఒప్పుకుంది, స్కాలర్‌షిప్పు నిలిచింది.

వ్యాసం అచ్చయింది. మొదట దాదా పేరు, తరవాత నాది, కింద స్ప్రింగు బిగించిన మేస్త్రీకి కృతజ్ఞతలు. మా అమ్మ ఊసే లేదు! ఏళ్ళ తరబడి దాదాని తిట్టుకున్నాను. మొన్న ఆ కాగితాలు దులిపి చూస్తే, ఇసుక గురించిన పేరా రాసింది నేనే. 'రేణువులను చేతితో వేరుచేశారు' అట. ఎవరి చేతితోనో చెప్పడానికి అప్పటి ఆ చదువుకున్న పిల్లకి నామోషీ. దాన్ని తిట్టబోయి నవ్వేశాను.

మా అమ్మ చేతితో. ఇప్పుడు రాశాను.