వెనక బెంచీలో గీసిన గీతలు

బి.ఎడ్. విద్యార్థులకు పాఠం చెప్పడం నేర్పే ఉద్యోగం నాది, రాయ్‌పూర్‌లో. ఎనభైల్లో ఆ ఉద్యోగంలో పైకి రావాలంటే పిహెచ్.డి. ఉండాలి. పిహెచ్.డి. పూర్తి కావాలంటే ఉద్యోగం ఉండకూడదు. అందుకని రెండూ ఒకే బెంచీ మీద కూర్చుని కానిచ్చాను. మావాళ్లు బళ్లకు వెళ్లి ప్రాక్టీసు పాఠాలు చెబుతుంటే, నేను వెనక కూర్చుని ఒక కాగితం మీద మార్కులు వేసేదాన్ని. వాళ్లు పిల్లల్ని ప్రశ్న అడిగినప్పుడల్లా ఇంకో కాగితం మీద ఒక గీత గీసేదాన్ని. ఆ రెండోది నా పరిశోధన. అదేమిటో వాళ్లకు చెప్పకూడదని మా గైడుగారి ఆజ్ఞ. చెబితే సహజత్వం పోతుందట.

కొద్దిరోజుల్లోనే గీతలు అద్భుతంగా పెరిగాయి. పాఠంలో ప్రశ్నలడగాలన్న నా ఉపన్యాసాలు ఫలించాయని మురిసిపోయాను. ఈ ఏడాదే థీసిస్ ఇచ్చేస్తే రీడరు పోస్టు నీదేనన్నారు గైడుగారు.

ఒక సోమవారం బీర్‌గావ్ బడికి వెళ్లాను. అక్కడ చదివేది ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు. ఆ రోజు చెప్పేది మా బ్యాచ్‌లోని రైల్వే కాలనీ తెలుగమ్మాయి, పాఠం వర్షం. నీరు ఆవిరై పైకి వెళ్లి వానగా కురుస్తుందని చెప్పి, నీళ్లు తడిగా ఉంటాయా, ఇది బోర్డేనా, నిన్న ఆదివారమేనా అని అడుగుతూ పోయింది. నేను గీతలు గీస్తూ పోయాను. ముందు వరుసలో ఒక పిల్ల లేచి, ఫ్యాక్టరీ పొగ కూడా పైకే పోతుంది కదా, అదెందుకు కురవదని అడిగింది.

"కూర్చో. ప్రశ్నలు అడగాల్సింది నేను," అంది మా అమ్మాయి హిందీలో.

పిల్ల కూర్చుంది. ఆ ప్రశ్న రాసుకోవడానికి నా కాగితంలో గడి లేదు.

గంట కొట్టగానే మా అమ్మాయి పరుగున వచ్చింది. "మేడమ్‌గారూ, నాకెన్ని గీతలొచ్చాయండీ? గీతలెక్కువైతేనే ఫస్ట్ డివిజనని మా బ్యాచ్‌లో అందరికీ మాలూమేనండీ."

నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే బ్యాచ్‌నంతా కూర్చోబెట్టి, ఆ గీతలేమిటో, మార్కులతో వాటికి సంబంధం ఎందుకు లేదో చెప్పేశాను. ఇన్నాళ్ల పనీ చెత్తబుట్టకే అన్నారు గైడుగారు. పోస్టు ఆ ఏడాది నా తర్వాత చేరినాయనకు వెళ్లింది. ఇంటికెళ్లి ఏడ్చాను. ఆయన పంచిన స్వీట్లు మాత్రం బాగున్నాయి.

గీతల సంగతి చెప్పిన మర్నాడే మళ్లీ బీర్‌గావ్ వెళ్లాను. అడగాల్సిన అవసరం తీరిపోవడంతో మా అమ్మాయి పాఠం సగం సమయానికే అయిపోయింది. "ఇప్పుడు మీరు అడగండి," అంది పిల్లలతో, ఎంతో ఆప్యాయంగా.

ఎవరూ లేవలేదు. ముందు వరుసలో పిల్లకేసి చూశాను. బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుంది.