బానెట్ లేని చిన్న కారు

ప్రొద్దుటూరులో పొలాలకు మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే అంగళ్లు చాలానే ఉన్నాయి. వాటిలో స్పానర్ పట్టుకుని ఆడమనిషి కూర్చునే అంగడి మాత్రం ఒక్కటే. ఆమె పేరు ఖమ్రున్నీసా. భర్త షాహుల్ సంచీ తగిలించుకుని పులివెందుల, తొండూరు వైపు చీనీ బత్తాయి తోటలకు మోటారు సైకిల్ మీద వెళ్లి, కదలని ఇంజన్లను అక్కడికక్కడే బాగుచేసి వస్తాడు. అంగడికి వచ్చిన పని అంతా ఆమెది. మొదట్లో రైతులు వచ్చి "మెకానిక్ యాడమ్మా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు మిషన్ ఆమె ముందు దించి, రోగం చెప్పి, టీ తాగడానికి వెళ్లిపోతున్నారు.

ఆమెకు పని నేర్పింది తండ్రి అలీ అహ్మద్. పెద్దముడియంలో ట్రాక్టర్ డ్రైవర్. ఇంజన్ విప్పినప్పుడల్లా పక్కన కూతుర్ని కూర్చోబెట్టుకునేవాడు. మాటలు తక్కువ. ఎవరి బండి బాగుచేసినా, పని అయిపోయాక లేచి నిలబడి, రెండు జేబులూ బయటికి తీసి చూపించేవాడు. "చూసుకోప్పా, నీ నట్టు గూడా నా దగ్గర ల్యా" అనేవాడు. చిన్నప్పుడు ఆమెకు అది తమాషాగా ఉండేది. పెద్దయ్యాక తల్లి అఖ్తర్ బీ చెబితే సంగతి తెలిసింది. అంతకు ముందు ఆయన జమ్మలమడుగులో ఒక శెనగనూనె మిల్లు యజమానికి కారు డ్రైవర్. కారు బానెట్ ఎత్తుకుపోయాడని నింద వేసి పనిలోంచి తీసేశారు. పోలీసుల దాకా పోలేదు. కానీ ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ ఆయన చేతికి స్టీరింగ్ ఇవ్వలేదు. పెళ్లాం పుట్టిన ఊరికి వచ్చి ట్రాక్టర్ ఎక్కాడు. ఈ విషయం ఆయన నోట ఎప్పుడూ రాలేదు. కూతురి పెళ్లయిన మరుసటేడు గుండెనొప్పితో పోయాడు.

ఖమ్రున్నీసా అంగడికి నిరుడు ఒక చిన్న కారు వచ్చింది. తెచ్చింది గురురాజారావు. వయసులో ఉండగా మిల్లు గుమాస్తా, తర్వాత సొసైటీలో ఉద్యోగం, ఇప్పుడు రిటైరై ప్రొద్దుటూరులోనే ఉంటున్నాడు. లగేజీ ఆటోలోంచి దాన్ని దించుతుంటే చుట్టుపక్కల అంగళ్లవాళ్లు కూడా వచ్చి చూశారు. మంచమంత పొడవు కూడా లేదు. స్టీరింగ్ ఉంది, సీటు ఉంది, దీపాలు ఉండాల్సిన చోట రెండు గుంతలు ఉన్నాయి. ముందు భాగం మూత లేక తెరుచుకుని ఉంది. అందులో తుప్పు పట్టిన చిన్న ఇంజన్.

"ఇది బొమ్మ గాదమ్మా. పిల్లోళ్లు నడిపే కారు. పెట్రోలు పోస్తే పోతాది" అన్నాడు గురురాజారావు. "మా మిల్లు యజమాని మద్రాసులో వేలంలో కొన్నాడు, కూతురి కోసమని. ఏ దేశందో తెలీదు గానీ, ఇట్లాంటిది నేను మళ్లా యాడా చూడలేదు. మిల్లు మూసేసేటప్పుడు నాకిచ్చిపోయినాడు. పులివెందులలో మా కూతురు సింధూ పాఠం చెప్పే కాలేజీలో పాత వస్తువుల ప్రదర్శన పెడతాండారు. ఆడ దీన్ని నడిపి చూపించల్లని నా ఆశ."

"ఇంజన్ అయితే మా స్ప్రేయర్ ఇంజన్ లాంటిదే సార్. చూస్తా" అంటూ ఆమె గుడ్డతో దుమ్ము తుడవసాగింది. "దీని బానెట్ యాడ?"

"అది ల్యా. అప్పుడే పోయింది. జమ్మలమడుగులో మా మిల్లుకాడ అలీ అహ్మద్ అని ఒక డ్రైవర్ ఉన్న్యాడులే. వాడు ఎత్తకపోయినాడు."

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. ఆమెకు వినపడలేదు. తండ్రి పేరు ఆ మనిషి నోట రావడం ఒక దెబ్బ. దానికంటే పెద్ద దెబ్బ, బానెట్ అంటే ఇది కావడం. తల్లి చెప్పిన దగ్గర్నుంచి ఆమె మనసులో ఉన్నది యజమాని పెద్ద కారు, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని ఇనప మూత. ఆడుకునే కారు రేకు కోసం తండ్రి బతుకు అలా అయిపోయిందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"పెట్టిపోండి సార్" అంది. తాను ఎవరి కూతురో చెప్పలేదు.

షాహుల్‌కు చెబితే అతను అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు. "వెనక్కి పంపిచ్చేద్దాం. మనకేంటికి ఇది?" అన్నాడు.

"వద్దు. నేనే చేస్తా."

ఎందుకు చేయాలనుకుందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఆ తెరుచుకున్న ముందుభాగం చూసి ఇంకెవరూ తండ్రి పేరు ఎత్తకూడదన్నది ఒక్కటే ఆ పూట తోచింది.

ఇంజన్ బిగుసుకుపోయి ఉంది. కిరోసిన్, ఆయిల్ కలిపి సిలిండర్‌లో పోసి నాననిచ్చింది. కార్బ్యురేటర్ విప్పితే లోపల కందిరీగలు కట్టిన మట్టిగూడు. రింగులు విరిగిపోయాయి, పిస్టన్ అరిగిపోయింది. అలాంటి పిస్టన్ ఎక్కడా దొరకలేదు. చివరికి షాహుల్ పులివెందుల దగ్గర ఒక చీనీ తోటలో మూలపడేసిన పాత స్ప్రేయర్ లోంచి ఒకటి తెచ్చాడు. దాన్ని కొంచెం కొంచెంగా అరగదీసి సరిపెట్టింది. ఒక మధ్యాహ్నం తాడు లాగితే ఇంజన్ రెండుసార్లు దగ్గి, పొగ చిమ్మి, అందుకుంది. ఎదురంగడిలో బట్టలు కుట్టే వనజమ్మ కుట్టు ఆపి బయటికి వచ్చింది.

ఇక మిగిలింది బానెట్. టింకరింగ్ పని చేసే అన్సర్ వచ్చి చూసి, "కొలత ల్యాకుండా నేనెట్ల కొట్టేది అక్కా? అట్టతో నమూనా చేసియ్యి" అన్నాడు. ఆమె అట్ట కత్తిరించి, వంచి, కారు మీద పెట్టి, తీసి, మళ్లీ కత్తిరించి నమూనా చేసింది. ముందువైపు సన్నం, వెనకవైపు వెడల్పు. ఒక అంచున మూత తెరిచి మూసే బందు సగం మాత్రమే కారుకు మిగిలి ఉంది. అది ఇత్తడిది. రెండో సగం బానెట్‌తో పోయింది. ఆ ఆకారం ఆమె కళ్లలో ముద్ర పడిపోయింది.

ఆ వారమే పెద్దముడియం నుంచి తల్లి ఫోన్ చేసింది. వానకు కోళ్ల గూడు కూలిపోయిందట. షాహుల్ తొండూరులో ఉన్నాడు. ఖమ్రున్నీసా ఒక్కతే బస్సెక్కింది.

పెరట్లో గూడు బండలు పక్కకు పడి ఉన్నాయి. గూడు పైన రేకు, దాని మీద ఎండ దిగకుండా మందంగా మెత్తిన మట్టీ పేడా ఎప్పుడూ ఉండేవి. ఏటేటా తల్లి మళ్లీ మెత్తేది. ఈసారి వాన గట్టిగా కొట్టి ఆ మట్టి అంతా కారిపోయింది. రేకు బోర్లా పడి ఉంది. దాన్ని పక్కన పెడదామని ఖమ్రున్నీసా వంగి రెండు చేతులతో ఎత్తింది.

ఒక వైపు సన్నం. ఒక వైపు వెడల్పు. రెండు పక్కలా గాలి పోవడానికి కోసిన సన్నటి చీలికలు. ఒక అంచున పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి బందు, సగం.

రేకు జారి బండ మీద పడింది. కోళ్లు అరుచుకుంటూ చెదిరిపోయాయి.

"మా, ఇది యాడిది?"

"గూటి రేకు గదే" అంది అఖ్తర్ బీ, కోడిపిల్లల్ని గంప కింద పెడుతూ.

"గూటికి రాకముందు యాడిది?"

"జమ్మలమడుగుది. మీ నాయనకు మిల్లుకాడికి అన్నం తీసకపోయి వస్తాంటే, ఎనక గోడకాడ పెంటలో పడేసుండ్రి. మంచి రేకు గదాని ఎత్తుకొచ్చినా. ఆ పొద్దే మీ మామ ఈడ్నుంచి సంతకొచ్చింటే, గూటికి ఏసుకోండని బండిలో ఏసి పంపిచ్చినా. ఏమే, అట్ల చూస్తాండావు?"

ఖమ్రున్నీసా గోడకు ఆనుకుని నిలబడి చెప్పింది. చిన్న కారు తన అంగడికి వచ్చిన సంగతి, గురురాజారావు అన్న మాట, ఇప్పుడు తన కాళ్ల దగ్గర పడివున్నది ఏమిటన్నది.

అఖ్తర్ బీకి మొదట అర్థం కాలేదు. "కారు బానెట్ అన్న్యారు గదే వాళ్లు" అంది. "కారుది. పెద్ద కారుది." రెండు చేతులూ బారచాపి చూపించింది. తర్వాత కిందికి చూసింది. చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. "ఇదా బానెట్?"

ఆమె మెల్లగా నేల మీద కూర్చుంది. ఏడవలేదు. రేకు మీద చెయ్యి పెట్టి, "పొద్దు మునిగినాక ఆయన ఆ గూటికే ఆనుకొని కూచుంటాండ్య" అంది. "ఆడనే బీడీ తాగుతాండ్య. ఆడనే అన్నం పెట్టమంటాండ్య." ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

రేకును గోనెసంచిలో చుట్టి ఖమ్రున్నీసా ప్రొద్దుటూరు తెచ్చింది. కడిగి, కారు మీద పెట్టి, బందు రెండు సగాలూ కలిపింది. మేకు వేస్తే రంధ్రాల్లోంచి నేరుగా దిగింది.

గురురాజారావును పిలిపించింది. ఆయన బానెట్ చూసి సంతోషంతో దాని మీద చెయ్యి వేసి నిమిరాడు. అప్పుడు ఆమె, తాను అలీ అహ్మద్ కూతురినని మొదలుపెట్టి అంతా చెప్పింది. ఇది విన్నాక తండ్రి మీద నింద పోతుందని ఆమె నమ్మకం.

ఆయన ముఖంలో రంగు మారింది. బానెట్ మీంచి చెయ్యి తీసి, "అంటే ఇన్నేండ్లూ మీ ఇంట్లోనే ఉన్నిందన్న మాట" అన్నాడు.

ఆమె కారు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

"సరేలేమ్మా. పోయిన మనిషి. నేనేం మనసులో పెట్టుకోను. నువ్వైతే నిజం చెప్పినావు, అది చాలు" అని ఆమె తలవైపు ఆశీర్వదిస్తున్నట్టు చెయ్యి ఎత్తి వెళ్లిపోయాడు.

ఆయన తిట్టి ఉంటే ఆమె తిరిగి ఏదైనా అనగలిగేది. క్షమించి పోయాడు. నిజం చెప్పి తండ్రిని తన చేతులతోనే దొంగను చేశానా అని ఆమె బిత్తరపోయి అలాగే కూర్చుండిపోయింది. వనజమ్మ నీళ్లు తెచ్చి ఇస్తే తాగాలన్న ధ్యాస కూడా లేదు. ఫోన్‌లో తల్లికి చెప్పింది. అవతల నుంచి "ఊ" అని మాత్రం వినిపించింది.

మరుసటి రోజు మొదటి బస్సుకే అఖ్తర్ బీ ప్రొద్దుటూరులో దిగింది. "ఆ గుమాస్తా సామిని పిలిపీ" అంది. గురురాజారావు వచ్చేదాకా నిలబడే ఉంది.

"సామీ, ఎత్తకపోయింది నేను" అంది ఆయన రాగానే. "ఆయనకు తెలీనే తెలీదు. నేను గూడా బానెట్ అని ఎత్తకపోలేదు. పెంటలో రేకు అని ఎత్తకపోయినా. దొంగ అనల్లంటే నన్ను అను."

"పెంటలోకి ఎట్లొస్తాదమ్మా అది? కారు షెడ్డు ముందర బాగుచేసేకని విప్పి పెట్టింటే."

"నాకేం తెల్సు? ఎనక గోడకాడ శెనక్కాయ పొట్టు పోస్తారే, ఆడ. సున్నం డబ్బాలు, చినిగిన గోనెపట్టలు, విరిగిన కుర్చీ. వాటి మీద ఇది."

"సున్నం డబ్బాలా?" అన్నాడు గురురాజారావు.

"ఆ. ఆ పొద్దు మిల్లంతా తెల్లగా సున్నం కొట్టుండ్రి గదా."

ఆయన కళ్లు ఒకచోట నిలిచిపోయాయి. పక్కనున్న స్ప్రేయర్ పెట్టెను పట్టుకుని దాని మీద కూర్చున్నాడు. షాహుల్ భయపడి "ఏమైంది సార్?" అని దగ్గరికి వచ్చాడు.

"ఆ పొద్దు బ్యాంకోళ్లు మిల్లు చూడ్డానికి వస్తాండ్రి" అన్నాడు ఆయన, ఎవరివైపూ చూడకుండా. "నేను పనిలో చేరి నెల గూడా కాలేదు. షెడ్డు ముందర కనపడేదంతా ఎత్తి ఎనక పారేయండని కూలోళ్లకు చెప్పింది నేనే." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "షెడ్డుకాడ ఎవరుండ్రి అని యజమాని అడిగితే, డ్రైవర్ ఒక్కడే అని చెప్పింది గూడా నేనే. ఈ రెండూ ఒకటే అని నాకు ఇంతవరకూ తోచలేదు."

రోడ్డు మీద ఆటోలు పోతూనే ఉన్నాయి. అఖ్తర్ బీ కారు దగ్గరికి వెళ్లి వంగి, బానెట్ ఎత్తి, దించి చూసింది.

"ఇంత దానికా సామీ, మేము ఊరు ఇడిసింది?"

గురురాజారావు రెండు చేతులూ జోడించాడు. అఖ్తర్ బీ ఆయన వైపు చూడలేదు. పరవాలేదని కూడా అనలేదు. కొంగు సర్దుకుని బస్టాండుకు బయలుదేరింది.

అన్సర్ సొట్టలు తీశాడు. ఎర్ర రంగు వేశారు. పులివెందులలో కాలేజీ మైదానంలో సింధూ కొడుకు ప్రణవ్ దాన్ని రెండు చుట్లు తిప్పాడు. పక్కన షాహుల్ పరుగెత్తాడు. బాగుచేసింది ఎవరని అడిగినవాళ్లకు గురురాజారావు "అలీ అహ్మద్ కూతురు" అని చెప్పాడట. ఆమె మాత్రం వెళ్లలేదు. అంగట్లోనే ఉంది.

ఆ తర్వాత ఒకరోజు ఆయన తానుగా జమ్మలమడుగు వెళ్లాడు. మిల్లులో అప్పుడు పనిచేసి ఇప్పటికీ బతికున్నవాళ్లను వెతికి, ఒక్కొక్కరికీ జరిగింది చెప్పి రావాలని. సాయంత్రానికి తిరిగి వచ్చి అంగట్లో కూర్చున్నాడు. బాగా అలసిపోయి ఉన్నాడు.

"చెప్పినారా సార్?" అంది ఖమ్రున్నీసా.

"చెప్పినానమ్మా. కాటా ఏసే ఆయన ఉండాడు, గానుగల కాడ చేసిన ఇద్దరు ఉండారు." చెప్పడానికి ఆయన తడుముకున్నాడు. "అలీ అహ్మదా, యా అలీ అహ్మద్ అన్న్యారు. బానెట్ సంగతి ఒక్కరికీ గుర్తు ల్యా. చిన్న కారు గుర్తుండాది. పోయిందని గుర్తు ల్యా. ఎవరిమీదన్నా నింద పడిందని అస్సలుకే గుర్తు ల్యా."

ఆమె చేతిలోని ప్లగ్ చేతిలోనే ఉండిపోయింది. పెద్దముడియం నుంచి ప్రొద్దుటూరుకు జమ్మలమడుగు మీదుగా బస్సులో రావాల్సి వచ్చినప్పుడు, ఆ స్టాండులో బస్సు ఆగిందంటే తండ్రి తువ్వాలు ముఖం మీదికి లాక్కుని నిద్రపోతున్నట్టు పడుకునేవాడు. కదిలాకే తీసేవాడు. పక్కన కూర్చున్న తనకు ఆ తువ్వాలు కింద ఆయన కళ్లు తెరుచుకుని ఉండటం కనపడేది. బయట ఆయన్ని గుర్తుపట్టే మనిషే లేడని ఆయనకు తెలియదు.

పొద్దు మునిగే వేళకు తల్లి ఫోన్ చేసింది.

"ఆ సామి పోయినాడంట గదా. చెప్పినాడా?"

"చెప్పినాడు మా."

"ఏమన్న్యారంట వాళ్లు?"

ఖమ్రున్నీసా షాహుల్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"అయ్యో, మంచి మనిషిని అట్ల అన్న్యామే అని బాధ పడినారంట మా" అంది.

"ఊ" అంది అఖ్తర్ బీ. తర్వాత, కోళ్లను లోపలికి తోలుకోవాలని చెప్పి ఫోన్ పెట్టేసింది.