ఆర్గాన్‌లో ఇరుక్కున్న నా గొంతు

మొన్న ఆదివారం నుంచి నేను తిరువూరు మెయిన్ రోడ్డు మీద నడవటం మానేశానండీ. సందుల్లోంచే తిరుగుతున్నా. ఎందుకంటారా? టీ తాగుతూ వినండి, చెప్తా.

మా చర్చిలో ఓ పాత సింథసైజర్ ఉంది. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు కొన్నది, అప్పట్నుంచీ వాయించేది నేనే. దాంట్లో ఆర్గాన్ సౌండు ఉంటది చూడండీ, కాస్త ముక్కుతో పాడినట్టు, సన్నగా వణుకుతూ... అబ్బ! ఇప్పటి కొత్త కీబోర్డుల్లో అది రాదు. అది కాస్తా ఈ మధ్య వేడెక్కి ఆగిపోవటం మొదలెట్టింది. సంఘ పెద్దలేమో "పారేసి కొత్తది కొందాం" అన్నారు. నేను ఊరుకుంటానా! "దాని సౌండంతా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేస్తా సార్, అచ్చు అదే వస్తది" అన్నా. పెద్దలు నవ్వారు.

అప్పుడు నా పక్షాన నిలబడింది ఒక్క కరుణమ్మ ఆంటీ. మా కాయిర్ లీడర్, చర్చిలో పాటలన్నీ ఆవిడే ఎత్తుకుంటది. "పిల్లోడు చేస్తానంటున్నాడుగా, చెయ్యనివ్వండి. పూచీ నాది" అంది. నాకు నలభై రెండేళ్లు, అయినా ఆంటీకి పిల్లోడినే. బయటికొచ్చాక మాత్రం చెవిలో చెప్పింది: "చర్చి వార్షికోత్సవం రోజున నా పరువు తీశావంటే చూడు."

ఇంటికి తెచ్చి పని మొదలెట్టా. దాని వెనక వైరు పెట్టే జాక్ ఎప్పుడో విరిగిపోయింది. అందుకని దాని స్పీకర్ ముందు ఫోన్ పెట్టి, ఒక్కో కీ నొక్కి పట్టుకుని రికార్డు చేయటం. అన్ని కీలూ అక్కర్లేదు లెండి. ఒకటి రికార్డు చేస్తే సాఫ్ట్‌వేరే దాన్ని సాగదీసి చుట్టుపక్కల కీలకి కూడా పంచుద్ది. నేను వేలు తీయకుండా కూర్చుంటే వంటింట్లోంచి మా ఆవిడ ఏదో ఒకటి అడగటం, లేవలేను కాబట్టి నేను ఇక్కడి నుంచే అరవటం! తర్వాత తీరిగ్గా కూర్చుని మాటలు పడ్డ చోటల్లా కోసేశా. కోసేశాననే అనుకున్నా.

ఆ తర్వాత సింథసైజర్ పొట్ట విప్పి, పాత బోర్డు పీకి, ఏ కీ నొక్కామో ల్యాప్‌టాప్‌కి చెప్పే చిన్న బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించి టంకం పెట్టి అతికించా. డైనింగ్ టేబుల్ రెండు చోట్ల కాలింది, అది వేరే గొడవ. కీ నొక్కితే ల్యాప్‌టాప్ మోగింది. అదే ఆర్గాన్! అదే వణుకు! నేను ఇల్లంతా గంతులేశానంటే నమ్మండి.

వార్షికోత్సవం ఆదివారం రానే వచ్చింది. చర్చి నిండా జనం. బయట మెయిన్ రోడ్డు వైపు రెండు పెద్ద స్పీకర్ బాక్సులు. పాట అదిరిపోయింది! పెద్దలు తలలూపుతున్నారు, ఆంటీ నా వంక చూసి మురిసిపోతోంది. ఇక మిగిలింది ఆమెన్.

మా సంఘంలో ఆమెన్ అంటే మామూలు ఆమెన్ కాదండీ. ఆంటీకి ఊపిరి ఉన్నంతసేపూ సాగుద్ది. నేను మూడు కీలు కలిపి నొక్కి పట్టుకోవాలి. ఇంట్లో టెస్ట్ చేసినప్పుడు అంతసేపు ఎవడు నొక్కాడు? ఆ...మె...న్ అని అందరూ కళ్లు మూసుకున్నారు. ఆర్గాన్‌లోంచి ఓ చంటిపిల్లాడి గొంతు గబగబా అంది:

"కరుణమ్మ ఆంటీకి శ్రుతి దొరికేసరికి పాట అయిపోద్ది!"

వెనకాలే నా గొంతు, అదే మాట. దాని వెనక గేదె మాట్లాడినట్టు, "క...రు...ణ...మ్మ ఆం...టీ...కి..." అని మళ్లీ అదే మాట! మూడూ నా ఒక్క రికార్డింగే. కుడి పక్క కీకి గొంతు సన్నబడి ముందుకి ఉరికింది, ఎడమ పక్క కీకి లావెక్కి వెనకబడింది.

చేతులు తీసెయ్యొచ్చుగా అంటారు. కంగారులో ఇంకా గట్టిగా నొక్కానండీ! దాంతో మిగతాది కూడా వచ్చేసింది. మా ఆవిడ గొంతు, అదీ మూడు రకాలుగా: "మెల్లగా అనండి, ఎవరన్నా వింటారు!"

ఆడవాళ్ల వరసలో మా ఆవిడ పైట కొంగు మొహం మీదకి లాక్కుంది. పాస్టరు గారు బైబిలు అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నన్ను నమ్మిన ఒకే ఒక్క మనిషిని ఊరంతా వినేలా తిట్టానే!

ఆంటీ మెల్లగా నా వైపు తిరిగింది. కళ్లజోడు సర్దుకుంది. నోటి ముందు మైకు తీయకుండానే అంది:

"మూడు గొంతులేసుకుని మరీ అన్నావు నాయనా. వాటిల్లో ఒక్కటన్నా శ్రుతిలో ఉందా?"

చర్చి చర్చంతా ఘొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది ఆంటీయే.

ఇంటికెళ్లాక మనసాగక ఆ ముక్కని శ్రుతి కొలిచే ట్యూనర్‌లో పెట్టి చూశానండీ. ఆంటీ చెప్పిందే కరెక్టు.