ముందు గిటారు మాట విన్న తాత

యుద్ధం ముగిసిన ఏడాది నేను బి.ఏ. పాసయ్యాను, మా వంశంలో మొదటివాణ్ణి! నాయన ఆదివారం చర్చిలో గిటారు వాయించి కృతజ్ఞత చెప్పాలనుకున్నాడు. రేణిగుంట రైల్వే గార్డొకాయన నాయనకు ఇచ్చిపోయిన పాత గిటారు పగిలి, బాగుచెయ్యడానికి తిరుపతిలో వీణలు చేసే ముసలాయన దగ్గర ఉంది; ఆయన్ని అందరం తాతా అనే పిలుస్తాం. పరుగున పోయి పాసు సంగతి చెప్పబోయాను.

“ఉండప్పా, ముందు ఇది చెప్పేది విననీ,” అంటూ తాత చెక్కను వేలితో తట్టి చెవి ఆనించాడు. ఏ వాద్యాన్నైనా ఆయన అట్లాగే పలకరిస్తాడు. పగులు అతికించి, తీగలు బిగించి, వీణలాగా శ్రుతి చేశాడు.

“గిటారుకు ఇట్లా కాదు తాతా!”

“మీ నాయన వాయించేది కీర్తనలే గదప్పా?”

ఎప్పుడూ గిటారు మీద తడబడే నాయన వేళ్లు ఆదివారం కీర్తనలో ఒక్కసారీ తడబడలేదు. చర్చి గుమ్మంలో నిలబడి విన్న తాత, పాట ముగిశాకే నావైపు తిరిగాడు.

“ఇంగ చెప్పప్పా, ఆ పొద్దు ఏందో చెప్పాలని వస్తివే?”