శాన్ రామన్ వంటింట్లో నా భార్య గొంతు

"అక్కా, పొద్దున్నే నా కిచెన్‌లోకొచ్చి ఎందుకు పిలుస్తున్నావ్?"

రెండేళ్ల మౌనం తరువాత షారోన్ ఫోన్ చేసి నా భార్య విమలను అడిగిన మొదటి మాట ఇది. హలో లేదు, వందనాలు లేవు. మేం ఉండేది న్యూజెర్సీలోని పార్సిప్పనీలో. షారోన్ ఉండేది దేశానికి ఆ చివర, కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో. ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి ఆ మాట నేనూ విన్నాను. గొంతులో కోపం లేదు.

దయ్యాలూ అశరీరవాణులూ నేను నమ్మను. హైదరాబాద్‌లో పత్రికలో పనిచేసినప్పుడు అలాంటి వార్త నా బల్ల మీదికొస్తే, చూసిందెవరు, ఎప్పుడు, పక్కన ఇంకెవరున్నారు అని అడిగేవాణ్ణి. చాలా వార్తలు మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయేవి.

షారోన్ మా చర్చి సంఘంలో విమలకు సొంత చెల్లెలి లాంటిది. ఒకసారి విమలకు రొమ్ములో గడ్డ కనిపించి బయాప్సీ చేశారు. నాకూ షారోన్‌కూ తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. షారోన్‌కు భయమేసింది. భయమేస్తే మావాళ్లు చేసే పనే తనూ చేసింది. సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పెట్టింది. పేరు, గడ్డ, చివరికి ఏ పక్కనో కూడా రాసింది.

సాయంత్రానికి మా ఇంటి ముందు వరసగా కార్లు. బిర్యానీ ట్రేలు, కన్నీళ్లు. ఒకావిడ విమల తల నిమిరి, "అన్నయ్యగారి భోజనం సంగతి మేం చూసుకుంటాంలేమ్మా" అంది.

రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదని తేలింది. కానీ విమల షారోన్‌తో మాట్లాడటం మానేసింది. "నా ఒంటి సంగతి ఊరంతా పంచిపెట్టింది. పైగా దానికి ప్రార్థన అని పేరు!" అనేది. కొంతకాలానికి భర్త ఉద్యోగం మారి షారోన్ వాళ్లు శాన్ రామన్ వెళ్లిపోయారు. వెళ్లేముందు వచ్చి తలుపు కొడితే విమల తీయలేదు.

మా సంఘంలో నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది. మనసులో ఒకరి మీద కక్ష పెట్టుకుని ఆ రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదని మా పెద్దలు నేర్పారు. ఊహ తెలిసినప్పటినుంచి బల్ల తప్పని విమల, ఇప్పుడు పళ్లెం తన దగ్గరికొస్తే పక్కవాళ్లకు అందించి తల దించుకునేది. కార్‌లో ఇంటికి వస్తూ కళ్లు తుడుచుకునేది.

"క్షమించానని నోటితో అంటాను. గిన్నెలు కడిగేటప్పుడు మళ్లీ దాన్ని తిడుతూనే ఉంటాను" అంది ఒకరోజు పాస్టరమ్మగారితో.

"తిట్టు ఆపాలని చూడకమ్మా, నీవల్ల కాదు. ఆ చోట ఇంకో మాట పెట్టు. పేరు పెట్టి దీవించు" అన్నారావిడ.

"మనసులో లేకుండా అంటే అబద్ధం కాదా అమ్మా?"

"మనసు సంగతి ప్రభువు చూసుకుంటాడు. నువ్వు ముందు నోరు తిప్పు."

విమల మొదలుపెట్టింది. "షారోన్, ప్రభువు నిన్ను చల్లగా చూడాలి." మొదట్లో పళ్లు కొరుకుతూ అనేది, నాకు తిట్టులాగే వినిపించేది. సింకులో గిన్నెలు దడదడలాడేవి. పోనుపోను ఆ మోత తగ్గింది. వేసవి వచ్చేసరికి ఆ మాటకు షారోన్ మోకాలి నొప్పీ, ఆమె కొడుకు పరీక్షలూ తోడయ్యాయి. ఒక ఆదివారం పళ్లెం వచ్చినప్పుడు విమల రొట్టె తీసుకుంది. ఆ వారంలోనే ఈ ఫోన్.

షారోన్ విన్నది అక్షరాలా విమల దీవించే ఆ మాటే. టీ పెట్టుకుంటుంటే వెనకనుంచి వినిపించేదట. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. భయం మాత్రం వేయలేదట, చలికాలం పొయ్యి దగ్గర నిలబడినట్టుండేదట. ఒకసారి ఆమె భర్త కూడా విని, "విమలక్క వచ్చిందా?" అని మేడ మీదనుంచి అడిగాడట.

ఎవరో చేరవేసి ఉంటారనుకున్నాను. కానీ విమల ఏ మాట అంటోందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. దీవించమన్న పాస్టరమ్మగారికి కూడా ఆ మాటలు తెలియవు.

"గ్రూపులో పెట్టకుండా ఉండాల్సింది అక్కా" అని షారోన్ ఏడ్చింది.

"పెట్టావ్ సరేనే, ఏ పక్కో కూడా రాయాలా? దేవుడికి ఆ మాత్రం తెలీదా?" అంది విమల. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటారు. నా టిఫిన్ ఆలస్యమవుతోంది, అయినా ఇల్లు హాయిగా ఉంది.

పాత అలవాటు కొద్దీ ఈమధ్య షారోన్‌ను ఒక సంగతి అడిగాను. ఆ గొంతు మొట్టమొదట ఎప్పుడు వినిపించిందని.

"శాన్ రామన్‌లో దిగిన మర్నాడే అన్నయ్యా, ఇదే మాట. బాక్సులు కూడా ఓపెన్ చేయలేదు. ఒక్క గిన్నె తీసి టీ పెడుతున్నా" అంది.

విమల పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్లింది ఆ తరువాత చాలా కాలానికి. షారోన్ చెప్పిన ఆ రోజుల్లో మా వంటింట్లో ఆమె పేరుతో వినిపించినవి తిట్లే. నేను పక్కగదిలోనే ఉండేవాణ్ణి.