కిటికీలో చేపలు

కోవిల్‌పట్టికీ ఒట్టపిడారానికీ నడుమ ఆ నల్లరేగడి ఊళ్ళో అప్పాసామిని చూసి జడుసుకోని పిల్ల లేదు. పుట్టుకతోనే వాడికి మొగమంతా వెంట్రుకలు. తోడేలు అనేవాళ్ళు. చెరువు గట్టున గుడిసె వేసుకుని, పట్టిన చేపల్లో తనకు మిగిలినవి లేనివాళ్ళ కిటికీల్లో పెట్టిపోయేవాడు. చేపలు తీసుకున్నవాళ్ళే ఎదురుపడితే మొగం తిప్పుకునేవాళ్ళు.

భర్త సీనివాసన్ మంచం పట్టాక పొన్నమ్మాళ్ కిటికీలోనూ చేపలు పడ్డాయి. విరుదునగర్‌లో చదివే కూతురి బిడ్డ సంగవి, స్కాట్లండు దీవుల్లోనూ ఒక తోడేలు తల మనిషి బీదల కిటికీల్లో చేపలు పెట్టేవాడట అని ఫోనులో చదివి చెప్పింది. ఆ దీవులవాళ్ళు వాణ్ణి తరిమారా అని ముసలమ్మ అడిగింది. లేదట. అయితే వాళ్ళు మనుషులేనంది.

సీనివాసన్ పోయాడు. గోతిమీద మట్టి ఆరకముందే కిటికీలో మళ్ళీ చేపలు. కర్మం తీరేదాకా చావింట్లో నీసు దూరకూడదని అప్పాసామికి తెలుసు. చావు తప్పెట వినపడిందే గాని, పోయిందెవరో వాడికి చెప్పిన నోరు లేదు. మరిది రంగనాథన్ చేపలు చూశాడు. గుడిసె పీకేస్తానని నలుగురిని పోగేసి గడ్డపారలు తెప్పించాడు.

పొన్నమ్మాళ్ వాళ్ళను బతిమాలలేదు. వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి, చేపలకు బూడిద రాచి పొలుసు తీసి, పులుసు పెట్టింది. ఆ వాసనకు గడ్డపారలు ఆగిపోయాయి.

"ఏమి వదినా ఇది? అన్న పోయినాడే, నీకు బుద్ధి ఉండాదా?"

"ఉండాది. చేపలు నేనే తెమ్మంటిని. పీకేదైతే నా ఇంటి కప్పు పీకు."

"తీట్టు ఇంట్లో, మైల తీరకముందే నీసా?"

"మీ అన్న మంచాన ఉండినన్నాళ్ళు వాని చేపల పులుసే తాగినాడు. నీ ఇంటినుంచి పిడికెడు బియ్యమన్నా వచ్చినదా, సామీ?"

వంశంలో ఒక్కడూ కర్మానికి రాడని రంగనాథన్ అన్నాడు. రావద్దంది. అందరూ చూస్తుండగా గడపలో కూర్చుని తినింది. ముద్దముద్దకూ నీళ్ళు తాగి దించుకుంది. తప్పు తనదేనని ఆమె నెత్తిన వేసుకున్నాక గుడిసెమీదికి పోవడానికి వాళ్ళకు సాకు మిగల్లేదు.

అన్నట్టే కర్మానికి ఎవరూ రాలేదు. కొడుకులు లేని ఇల్లు; కర్మంలో కొడుకు ఎత్తాల్సిన నీళ్ళ కుండ ఎత్తే మగవాడు కావాలి. పొన్నమ్మాళ్ చెరువు గట్టుకు పోయి, అప్పాసామిని పట్టపగలు నడివీధిలో వెంటబెట్టుకొచ్చింది. వాకిళ్ళ నిండా జనం. వాడు మొగానికి తుండు కప్పుకున్నాడు.

"తుండు తీసి బుజాన వేసుకోరా," అంది. "చూసేవాళ్ళు చూడనీ."